నూరు గ్రాములు అనుకుందాం

ఆ చలికాలం కుతాయిసిలో
కరెంటు చుట్టంచూపుగా వచ్చిపోయేది.
తరగతి మధ్యలో రేకు పొయ్యి.
రోజుకొకరు ఇంటినుంచి కట్టె తేవాలి,
తేలేనివాళ్ళు కిటికీ పక్కన కూర్చోవాలి.
నేను రసాయనశాస్త్రమంతా
కిటికీ పక్కనే నేర్చుకున్నాను.

లామారా టీచర్ గ్లవుజు తియ్యకుండానే సుద్దముక్క పట్టుకుని
బోర్డు మీద రాసింది:
కార్బన్ నలభై. హైడ్రోజన్ ఆరు పాయింట్ ఏడు.
మిగతాదంతా ఆక్సిజన్.
"ఎవరో ఏదో తెలియనిదాన్ని కాల్చారు.
వచ్చిన నీళ్ళు తూచారు, వచ్చిన గాలి తూచారు.
కాలిపోయినదాని సంగతి మనకు దక్కింది ఇంతే.
సరే, నూరు గ్రాములు అనుకుందాం."

నూరు గ్రాములు అనగానే
తరగతి తరగతంతా గుటక వేసింది.
మా భాషలో రొట్టె పేరు పూరీ.
మా వీధిలో మనిషికి రోజుకు మూడువందల గ్రాములు,
అదీ తెల్లవారుజామున నాలుగింటికి నిలబడితే.
నానమ్మ దాన్ని దారంతో కోసేది,
కత్తికి పొట్టు అంటుకుంటుందని.

టీచర్‌కి వినపడిందో లేదో.
"బరువు చూసి మోసపోవద్దు" అంది.
"ఆక్సిజన్ తక్కెడను కిందికి లాగుతుంది, అంతే.
హైడ్రోజన్ ఈకలాంటిది, ఊదితే లేచిపోతుంది,
కానీ జనం దానిదే ఎక్కువ.
తూకం వేరు, తలలెక్క వేరు.
ఎవరి బరువుతో వాళ్ళను భాగించండి."

నలభైని పన్నెండుతో. యాభైమూడు చిల్లరని పదహారుతో.
వేళ్ళు కొంకర్లు పోతుంటే
పెన్సిల్ని పిడికిట్లో పట్టి భాగించాం.
మూడు చిల్లర, ఆరు చిల్లర, మళ్ళీ మూడు చిల్లర.
"ఇప్పుడు అందరిలోకీ చిన్నవాడితో అందరినీ భాగించండి."
ఒకటి, రెండు, ఒకటి.

"ఫార్మాలిన్‌లోది!" అరిచాడు తమాజ్.
వాళ్ళ నాన్న శవాగారంలో పనిచేసేవాడు.
ఆ ఏడాది ఆయనకు సెలవు లేదు.
"కాదు, వెనిగర్‌లోది" అంది దోదో,
వాళ్ళింట్లో ద్రాక్షసారా పీపా మొత్తం పులిసిపోయింది మరి.
నేను ద్రాక్షపళ్ళలోని చక్కెర అనబోయి
తీపి పేరెత్తకూడదని ఊరుకున్నాను.
"ముగ్గురిదీ నిజమే" అంది టీచర్,
నేను నోరు విప్పకుండానే.
"ఫార్ములా పాళ్ళు చెబుతుంది.
ఎంతమందో చెప్పదు.
అది ఇంకో తూకం, ఇంకో రోజు."

రెండో లెక్క నేను తప్పాను.
ఒకటి, ఒకటీ చిల్లర, ఒకటి వస్తే
చిల్లర చెరిపేసి మూడూ ఒకటే అని రాశాను.
ఆమె నా పుస్తకం మీదికి వంగింది.
కోటుకి కిరసనాయిలు వాసన.
"ఈ మూడోవంతు ఏమైంది?"
"చిన్నది కదా, టీచర్."
"నీ రొట్టెలో మూడోవంతు కోసి
చిన్నదేలే అంటే ఊరుకుంటావా?"
నేను ఏడవలేదు. కిటికీ చలికి కళ్ళు నీళ్ళు పెట్టాయి.
"దేన్నీ పారెయ్యకు. అందరినీ మూడింతలు చెయ్యి."
మూడు, నాలుగు, మూడు.
అడవిగులాబీ కాయల్లో ఉంటుందట అది,
చిగుళ్ళ నెత్తురు ఆపుతుందట.
మర్నాడు ఆ కాయల కషాయం
ఒక సీసాడు పొయ్యి మీద పెట్టింది.
ఎందుకో చెప్పలేదు. మేం అడగలేదు.

ఇప్పుడు బతూమీ రేవులో
నా ల్యాబ్‌లో యంత్రం ఆరు నిమిషాల్లో శాతాలు చెబుతుంది,
అడగకపోయినా ఫార్ములా కూడా చెబుతుంది.
నేను ఆ మూల మీద కాగితం అంటించి
కవరు వెనకాల చేత్తో భాగిస్తాను.
కొత్తగా చేరిన నీనోకి ఇది చాదస్తం.

నిన్న ఏదో ఓడలోంచి పేరులేని తెల్లపొడి వచ్చింది.
కార్బన్ నలభై, హైడ్రోజన్ ఆరు పాయింట్ ఏడు.
"ఎక్కడ మొదలుపెట్టాలి?" అంది నీనో పెన్ను తీసుకుని.
నూరు గ్రాములు అనుకో, అన్నాను,
అని గుటక వేశాను.
"మంచినీళ్ళు కావాలా?" అంది ఆ పిల్ల.